వదిన ఇమ్యూన్!

"లక్షణంగా ఆడుకుంటున్న పిల్లకి సూది వేయించి జ్వరం తెచ్చిపెట్టావు. బుర్ర ఉందా నీకు?" తమ్ముడి ఎదుటే భార్య మీద గయ్యిమన్నాడు అతను.

ఆమె పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

"ఎందుకన్నయ్యా గొంతు చించుకుంటావ్? నీ తిట్లకి వదిన ఎప్పుడో ఇమ్యూన్ అయిపోయింది!" అంటూ మరిది ఇకిలించాడు. భర్త కూడా పగలబడి నవ్వాడు.

ఆమె చేయి ఆగింది.

"ఇమ్యూన్ అంటే ఏదీ తగలకపోవడం అనుకున్నావా నాయనా? టీకా వేసిన నర్సమ్మ చెప్పింది. ఒళ్ళిలా కాగుతోందంటే, లోపల ఎదురుతిరగడం నేర్చుకుంటోందట. పెళ్ళయినప్పటి నుంచీ నాకూ కాగుతూనే ఉంది."

మరిది నాలుక కరుచుకున్నాడు. ఆమె పాపను తెచ్చి భర్త ఒళ్ళో పడుకోబెట్టి, తడిగుడ్డ అతని చేతిలో పెట్టింది.

"ఆరిపోకుండా మారుస్తూ ఉండండి. నేను నేర్చుకోవడం అయిపోయింది."