మంగతాయారు పెట్టిన పరీక్ష

ఆటిజం ఉన్నవాళ్లు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తేనే స్పీచ్ థెరపిస్టులు పనిచేయాలని చట్టం వచ్చి పదేళ్లయింది. థెరపిస్టు వాసంతి ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగం పోతుంది. రాజమండ్రిలో పరీక్షాధికారి మంగతాయారు ఇంటికి బిక్కుబిక్కుమంటూ వెళ్లింది. యాభై ఏళ్ల మంగతాయారు నోటితో మాట్లాడదు. ఆమె రాసినదాన్ని చేతిలోని ఎలక్ట్రానిక్ పలక బయటికి చదువుతుంది.

ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. వాసంతికి ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని మింగేసి, పక్కన కూర్చుని తనూ ఈనెలు తీయసాగింది. గంటకి కాయలన్నీ అయిపోయాయి.

“క్రితంసారి నలభై ప్రశ్నలడిగావు,” అంది పలక. “ఇవాళ నేనే అడుగుతా. కూరలో కొబ్బరి వెయ్యనా?”

“వెయ్యండక్కా,” అంది వాసంతి.

అన్నం సగం తిన్నాక గానీ వాసంతికి పరీక్ష గుర్తు రాలేదు. పరీక్ష ఎప్పుడని బెదురుతూ అడిగింది.

“ఎప్పుడో పాసయ్యావు. చారు పోసుకో,” అంది పలక.