ఒక్కటే కుర్చీ

కార్డిఫ్ ఆర్కెస్ట్రాలో హార్ప్ అనే నిలువెత్తు తంత్రీవాద్యం వాయించేవాళ్ళకు ఒక్కటే కుర్చీ. దానికోసం పోటీకి వచ్చిన హెలెద్ నడవాలో కాలు నిలవక తిరుగుతోంది. పన్నెండేళ్ళు నేర్పిన నెస్టా టీచర్ “నీకింకా చేయి తిరగలేదు, ఈసారికి వద్దు” అంటే, చెప్పకుండా వచ్చేసింది.

అంతలో నెస్టాయే ఎదురుపడింది.

“తిట్టడానికొచ్చారా టీచర్?”

“తర్వాత తిడతాలే. చేతులిటు తే. అబ్బా, మంచుగడ్డల్లా ఉన్నాయి!”

ఆ వేళ్ళను తన అరచేతుల్లో రుద్ది వేడెక్కించింది నెస్టా. “భుజాలు బిగించకు. ఇక వెళ్ళు.”

జడ్జీలకు కనపడకుండా తెర వెనక కూర్చుని హెలెద్ వాయించింది. సాయంత్రానికి కుర్చీ ఆమెకే దక్కింది. పరుగున వచ్చి టీచర్‌ను వాటేసుకుంది.

“చేయి తిరగలేదన్నారుగా!”

“తిరిగి రెండేళ్ళయింది,” అంది నెస్టా, ఆమె ముఖం చూడలేక. “నువ్వొస్తే ఈ కుర్చీ నాకు రాదని భయపడ్డాను. పొద్దున నీకు ముందు వాయించింది నేనే.”