కడుపుతో ఉన్నది

"తల పట్టుకో, తోక కాదు!" గోవిందమ్మాళ్ గొంతు తగ్గించి అరిచింది.

"తల పట్టుకొంటే కరుస్తుంది. నువ్వు పట్టు, నీ మాటైతే వింటుంది," అన్నాడు ఆండి.

నిండు కడుపుతో ఉన్న పంది అడుగు కదపనంటోంది. సేత్తూరు రోడ్డు మలుపులో జీపు ఆగిన చప్పుడైంది. మొగుడూ పెళ్లామూ కలిసి దాన్ని ఇంటి వెనక కట్టెల కొట్టంలోకి తోసి, అడ్డంగా గోనెపట్టా వేలాడదీశారు.

"నీ కోడలు ఒక చేయి వేసుంటే ఎప్పుడో అయిపోయుండు. నిమ్మకాయ నాకుతా పడుకోనుంది మహారాణి."

"జెన్సిని వదిలెయ్‌వే, పావం. రాత్రంతా వాంతి."

"ఊఁ, వారంగా ఇదే పాట. పెద్దాసుపత్రికి పోయి రక్తం కూడా ఇచ్చొచ్చింది."

గోవిందమ్మాళ్ భయం ఊరికే పుట్టింది కాదు. పోయిన వారమే పశువుల ఆసుపత్రి వాళ్లు వచ్చి, వీధిలో పందులన్నిటికీ చెవిలో సూది గుచ్చి రక్తం తీసుకెళ్లారు. పక్క ఊళ్లో ఏదో జబ్బని చెప్పి పందులను గుంటలో పూడ్చేశారని టీకొట్లో మాట. ఈ పంది ఈనితేనే వానల ముందు ఇంటికి కొత్త రేకులు పడతాయి.

జీపులోంచి ఒకావిడ దిగింది. చేతిలో ఐసుపెట్టె.

"నేను డాక్టర్ శివరంజని. ఇది ఆండి ఇల్లేనా? పందులు ఎన్ని ఉండాయి?"

"ఆ రెండే అమ్మా," అంటూ గోవిందమ్మాళ్ వాకిట్లోని బక్క పందులను చూపించింది.

డాక్టరమ్మ వాటిని చూసి ఊరుకోలేదు. అవి పొర్లే బురద చూసింది. ఆ బురదలోంచి కాలవ ఎటు పోతోందో చూస్తూ వీధి కుళాయి దాకా నడిచి, పగిలిన గొట్టం దగ్గర వంగి కూర్చుంది. తిరిగొచ్చి అడిగింది.

"ఈరల్, అదే కార్జం, వండుతారా?"

"ఆదివారమైతే వండకుండా ఉంటామా?" ఆండి హుషారుగా అన్నాడు.

"బాగా ఉడకనిస్తారా?"

"బాగా ఉడికితే రబ్బరు గదమ్మా! రెండు తిప్పులు తిప్పి దించేయాల."

"అదే తప్పు. ఒక కిరుమి ఉంది. పందిలో ఉన్నా పందికి తెలీదు. బాగా తింటుంది, తిరుగుతుంది. ఉడకని ఈరల్లోనో, పెంట కలిసిన నీళ్లలోనో మనిషికి వచ్చిందంటే మంజల్ కామాలె, పచ్చకామెర్లు. మనిషి నుంచి మనిషికైనా ఆ కుళాయి నీళ్లు చాలు. ఇక్కడ ఏ దారిన వచ్చిందో నాకు తెలియాల. వీటి రక్తం కూడా తీసుకొంటాను."

"వచ్చేసిందా?" గోవిందమ్మాళ్ కట్టెల కొట్టానికి అడ్డంగా జరిగింది.

"పోయిన వారం తీసిన రక్తంలో కనిపించింది. మీ ఇంట్లో కడుపుతో ఉంది గదా, ఎక్కడ?"

ఆండి ఆకాశంలోకి చూశాడు. ఎవరో చెప్పేశారనుకొన్నాడు.

"లేదమ్మా," అంది గోవిందమ్మాళ్. "నిన్ననే సత్రపట్టికి పంపించేసినాం."

"ఈ ఎండలోనా? నడిచిందా?"

"జామ్మని నడిచింది."

"తింటోందా?"

"పెట్టింది పెట్టినట్టే తినేస్తుంది."

"కళ్లు పచ్చగా ఉండాయా?"

దాని కళ్లు గోవిందమ్మాళ్ ఏనాడూ చూడలేదు. "నల్లగా ఉండాయి," అంది ధైర్యంగా.

డాక్టరమ్మ ముఖం బిగిసింది. "నా దగ్గర అబద్ధం వద్దు. కడుపుతో ఉన్నప్పుడు ఇది వస్తే చానా ఆపద. ఇప్పుడే మదురైకి తీసుకొని పోవాల. తడవు చేస్తే తల్లీ దక్కదు, కడుపులోదీ దక్కదు."

"మదురై పోతే తిరిగి వస్తుందా అమ్మా?"

"రావాలనే గదా నేను ఇంత దూరం వచ్చినాను?"

గోవిందమ్మాళ్ ఆ మాట నమ్మలేదు. జీపెక్కిన పంది తిరిగిరావడం ఎవరు చూశారు? చేతులు జోడించింది. "వద్దమ్మా, మేమే చూసుకొంటాం. రాత్రిపూట నా పక్కనే పడుకోబెట్టుకొంటాను. చేత్తో తినిపిస్తాను. ఒక్క పని కూడా చెప్పను."

"ఇంత ప్రేమ ఉండేదానివి ఎందుకు దాస్తావు?"

గోవిందమ్మాళ్ కళ్లు తుడుచుకొంది. ఆండి ఆమె భుజం తట్టాడు.

"చాల్లేవే. ఎక్కడున్నా బతికితే చాలు."

అతను వెనక్కి వెళ్లి గోనెపట్టా ఎత్తాడు. పంది బరువుగా ఊగుతూ వాకిట్లోకి వచ్చి డాక్టరమ్మ ముందు నిలబడింది. గోవిందమ్మాళ్ దాని మెడ పట్టుకొని వెక్కింది.

"పదిలంగా చూసుకోండమ్మా. ఎండకు తాళలేదు."

శివరంజని పందిని చూసింది. ఆ ఇద్దరినీ చూసింది. తరవాత చీకటిగా ఉన్న ఇంటి గుమ్మం వైపు గబగబా నడుస్తూ అంది:

"నేను వచ్చింది జెన్సి కోసం."