కిటికీ అద్దం మీద గీత

సర్కస్‌లో పక్క ట్రైలర్ బండిలో కాపురముండే ఒడెట్ కనబడిన వాళ్ళందరికీ చెబుతోందట: "ఆంబ్రోస్ ఫిరంగికి ఊపిరి అయిపోయింది. ఏదో ఒకరోజు ఆ పిల్లని వలదాకా మొయ్యలేక నేలకేసి కొడుతుంది" అని.

ఆ ఉదయం అంతపనీ అయ్యేదే. సాధనలో ఆంబ్రోస్ పెద్దకూతురు కోరిన్ ఫిరంగిలోంచి ఎగిరి వల అంచుమీద పడింది. ఇంకో జానెడు ఇవతలైతే మెడ విరిగేది. శనివారం టాంపాలో సర్కస్ ఆట.

ఆంబ్రోస్ చిన్నకూతురు నెల్ మీద విరుచుకుపడ్డాడు. "మా నాన్న కంటిచూపుతో వల కట్టించేవాడు. వల ఎక్కడ కట్టాలో చెప్పే నీ కాలేజీ గీతలు మీ అక్కని మింగేలా ఉన్నాయి!"

"తప్పు గీతదో ఫిరంగిదో తేలుద్దాం. రూడీ బావా, ఇసకసంచి పెట్టి పేల్చు," అంది నెల్.

ఆట ఏదైనా ముందు కోరిన్ అంత బరువున్న సంచిని ఎగరేసి చూడటం వాళ్ళ ఇంటి ఆచారం. నెల్ తండ్రిని ట్రైలర్లోకి లాక్కెళ్ళి కిటికీ ముందు నిలబెట్టింది. అద్దం మీద మైనపు పెన్సిల్‌తో గీసిన గీత పైకి లేచి, వంగి, కిందికి దిగుతోంది.

"రెండో ఘాతపు బహుపది నాన్నా, సంచి పోవాల్సిన దారి. ఒక కన్ను మూసి చూడు."

ఫిరంగి పేలింది. సంచి అద్దం మీది గీతను అందుకుంది. వెంట్రుకవాసి పైకి పోలేదు, కిందికి జారలేదు. శిఖరం దగ్గర ఆగినట్టే ఆగి, గీత వంగిన చోటల్లా వంగి, గీత కొస దగ్గర వల నడిమధ్యలో పడింది. ఇంకా జరగనిదాన్ని ఎవరో ముందే చూసి గీసిపెట్టినట్టుంది. చర్చిలో తప్ప టోపీ తియ్యని ఆంబ్రోస్ టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

బయటికొచ్చి టోపీ మళ్ళీ పెట్టుకుని కోరిన్ వైపు చెయ్యి చూపించాడు ఆంబ్రోస్.

"ఫిరంగి బాగుంది. లెక్కా బాగుంది. కోరిన్‌ని తూచి, ఆ సంచి నేనే కుట్టాను సీజన్ మొదట్లో. మరి సంచి చేరినచోటికి ఇదెందుకు చేరదు? ఆటఆటకీ ఇంకాస్త ఇవతలే పడుతోందే!"

"మీ అమ్మాయిని డోనట్లు తగ్గించమనండి మామయ్యా," అని నవ్వాడు కోరిన్ మొగుడు రూడీ.

"నోర్ముయ్. వాటి వాసనకే కడుపులో తిప్పుతోంది నాకు," అంది కోరిన్.

నెల్ అక్క వైపు తేరిపార చూసింది.

"సంచి కడుపుతో లేదు నాన్నా."