సముద్రానికి పులుపెక్కింది

జరగండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలాడేవాళ్ళు కాస్త నోళ్ళు మూసుకోండి. అక్కడ ప్రేమ్‌కుమార్‌కు ప్రాణం మీదికొచ్చింది, మీకు మీ కబుర్లే ముఖ్యమయ్యాయి!

డుంబ్రిగుడ దాటి కొండెక్కిన జీపు దారికి అడ్డంగా కట్టిన వెదురుబొంగు ముందు ఆగిపోయింది. బొంగు అవతల ఆడవాళ్ళు. తలల్లో పూలు, నడుముల మీద చేతులు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. జీపు సంగతలా ఉంచండి, అక్కడ మేకపిల్ల వెనక్కి తిరగాలన్నా చోటు లేదు.

"ఏంటిది పైడయ్యా?" అన్నాడు జీపులో ఉన్న ఆఫీసరు ప్రేమ్‌కుమార్.

డ్రైవరు పైడయ్య దిగి, కనుక్కుని వచ్చాడు. "ఇటుకల పండగంట సార్. మొగోళ్ళు ఏటకెళ్తే ఆడోళ్ళు దారి కాత్తారు. ఆళ్ళు ఒదిలితేనే మనం ఎల్లాల."

ప్రేమ్‌కుమార్ సంచి తడుముకున్నాడు. అందులో కొత్త ఉత్తర్వు ఉంది. లోకంలోని పొగంతా పోయి సముద్రంలో కరిగి నీళ్ళు పులిసిపోతున్నాయట. గవ్వలకూ నత్తలకూ పెంకు గట్టిపడటం లేదట. అందుకని కొండల మీద పోడు సాగుకని అడవికి నిప్పు పెట్టకూడదట. పై ఊరి గ్రామసభలో చదివి వినిపించిన క్షణం నుంచి అది అమలు. ఇవాళ సాయంత్రం అయిదు దాటితే ఈ ఏడాదికి చెల్లదు. ఈ మాట అప్పటికే కొండమీది సంతలన్నీ చుట్టేసింది. "చదవకుండా కొండ దిగావో, ఇంకో ఉద్యోగం చూసుకో" అన్నాడు పెద్దాఫీసరు. "వాళ్ళ ఆచారాన్ని మాత్రం కాదనకు, గొడవైపోతుంది" అని కూడా అన్నాడు.

జీపు దిగి ప్రేమ్‌కుమార్ జేబులోంచి నోటు తీశాడు.

"డబ్బులెవులిక్కావాల బావూ?" అంది అందరిలోకీ పెద్దదైన యర్రమ్మ. "మాతో ఒక్క ఆట ఆడీసి ఎల్లిపో."

"అర్జెంటమ్మా! సముద్రం పాడైపోతోంది."

"అయ్యో, దానికేటొచ్చింది?" అంది పక్కనున్న నిర్మల.

"పొగవల్ల పులిసిపోతోంది."

"ఏ పొగ సారూ? కింద పట్నంలో ఆ పొడుగు గొట్టాలొదుల్తాయి, అదా?"

ప్రేమ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "అది కూడా. కాకపోతే వాటికి పదేళ్ళు గడువిచ్చారు."

"మరి మాకో?"

"మీకు... ఇవాళే."

"ఓలమ్మ!" అంది నిర్మల. "అయితే బేగి ఆడీయాల. రా సారూ."

థింసా ఆట ఎలా ఉంటుందో తెలుసుగా. ఒకరి వీపు వెనకనుంచి ఇంకొకరు చేతులు పెనవేసి గొలుసు కడతారు. ప్రేమ్‌కుమార్ కుడిచెయ్యి యర్రమ్మ పట్టింది, ఎడమచెయ్యి నిర్మల పట్టింది. అవి చేతులా, ఇనప సంకెళ్ళా! ముసలి ఫల్గుణ తుడుం డప్పు మోగించాడు. గొలుసు తిరిగింది.

ఒక ఆట అయింది. చెయ్యి లాక్కోబోయాడు ప్రేమ్‌కుమార్.

"తుడుం ఆగీదాకా గొలుసు తెగకూడదు బావూ" అంది యర్రమ్మ. "తెగితే కొండదేముడికి కోపమొత్తాది."

"తాతా, ఆపు తాతా!"

"ఆయనకి సెవుడు సారూ" అంది నిర్మల.

పైడయ్యకేసి చూశాడు. పైడయ్య అప్పటికే గొలుసు చివర్న పూనకమొచ్చినట్టు ఊగుతున్నాడు.

తిరిగారు, తిరిగారు. ప్రేమ్‌కుమార్ బూట్ల అడుగులు అప్పడాల్లా అరిగాయి. సూర్యుడు సగం దిగి, ఆట బాగుందని కాసేపు ఆగాడట. పక్క కొండమీది మేకలు కూడా అడుగు కలిపాయట. చూసినవాళ్ళు చెప్పారు, మేకలైతే కాదనలేదు. సంచి మెడలో ఊగుతోంది, అందులో ఉత్తర్వు ఊగుతోంది. ఊరు కళ్ళెదురుగా మలుపు పైనే ఉంది. వెళ్ళే దారే లేదు.

చివరికి తుడుం ఆగింది. యర్రమ్మ చెయ్యి వదిలింది. ప్రేమ్‌కుమార్ వాచీ చూసుకుని రోడ్డు మీదే చతికిలబడ్డాడు. అయిదు ఎప్పుడో దాటిపోయింది.

ఆడవాళ్ళు వెదురుబొంగు తీసి పక్కన పెట్టి, "ఎల్లండి బావూ, సల్లగా ఎల్లండి" అన్నారు.

"పోతే పోయింది ఉద్యోగం" అన్నాడు ప్రేమ్‌కుమార్ పైడయ్యతో, కళ్ళు తుడుచుకుంటూ. "పండగపూట వాళ్ళ ఆచారాన్ని కాదనలేదు. ఆ తృప్తి చాలు."

అప్పుడే సంత నుంచి ఆ ఊరి మంగ్లు వస్తున్నాడు, చంకలో కోడిపుంజుతో. ఆడవాళ్ళ తలల్లో పూలు చూశాడు, బొంగు చూశాడు, రోడ్డు మీద కూలబడ్డ ఆఫీసరును చూశాడు, నోరు తెరిచాడు.

"ఏటే యర్రమ్మా, పండగ పోయిన వారమే అయిపోనాది కదా!"