మాల్యాద్రి రెండో రక్తం

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే నా భర్త మాల్యాద్రి, ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయి రెండు నెలలైంది. ఆ జబ్బు ముదరకముందే రక్తంలో గుర్తుపట్టాలని పరిశోధన చేసే రజిని మేడం, అంతకుముందు ఒకసారి ఆయన రక్తం తీసుకున్నారు. ఆయన పోయిన సంగతి ఆమెకు చెప్పనేలేదు. ఈ రాత్రి పాపను జోకొడుతుంటే ఫోన్ చేశారు.

"పోయిన వారం ఆత్మకూరు క్యాంపుకు మీ ఆయన వచ్చినాడమ్మా. నేనే రక్తం తీసినాను. జబ్బు గుర్తులు ఒక్కటీ లేవు!"

నా చెయ్యి పాప మీదే ఆగిపోయింది.

"ఆయాసపడినాడా మేడం?"

"యాడ! మెట్లన్నీ గబగబా ఎక్కినాడు. పాప దగ్గుతా ఉండాది, దానికీ పరీక్ష చేయమన్నాడు."

పాపకు దగ్గు పట్టుకుంది ఆయన పోయాకే.

నిజం చెబుదామని నోరు తెరిచాను. చెబితే జాబితాలో ఆయన పేరు కొట్టేస్తారు, మళ్ళీ పిలవరు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు మేడం, ఆయన్ని?" అని అడిగాను.