మా ఆవిడ జాకెట్టు

క్యాన్సరని మా ఆవిడకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆపరేషనయ్యాక రెండో విడత మందు ఎక్కించేసరికి చిక్కి సగమైంది. "ఇక ఆస్పత్రికి రాను, నన్నొదిలెయ్" అని మొండికేసింది.

నేను దర్జీని. బతిమాలడం నాకు రాదు. టేపు తీసి, "లే, జాకెట్టు కుడతాను" అన్నాను.

"నలభై ఏళ్లలో ఒక్కటి కుట్టిచ్చావా? ఇప్పుడేం పుట్టిందయ్యా?"

"ఇంట్లోదానివి, ఎక్కడికి పోతావులే అనుకున్నాను."

ఎడమవైపు దూది పెట్టి, ఒంటికి అతికినట్టు కుట్టాను. తొడుక్కుని అద్దంలో చూసుకుంది. విప్పి, తిరగేసి కుట్లు చూసింది.

"అందరికీ లోపల రెండంగుళాల గుడ్డ వదులుతావు, నాకేదీ? మందులన్నీ పూర్తయ్యి నేను మళ్లీ ఒళ్లు చేస్తే ఇదెలా పడుతుంది? ఇంకోటి కుట్టు!"

నా కుట్టుకి వంక పెట్టినవాళ్లని మళ్లీ కొట్టు మెట్లెక్కనివ్వను. ఈసారి మాత్రం కొత్త గుడ్డ తీశాను.